తోక ముక్కలు

మే నెల నడినెత్తి ఎండలో మిద్దె మీద ఏదీ తడిగా ఉండకూడదు. రాజమ్మ మిద్దె మీద గోనెపట్ట తడిగా ఉంది.

షఫీ నిచ్చెన చివరి మెట్టు మీదే ఆగి దానివంక చూశాడు. సోలార్ పలకలు నాలుగూ వాలుగా నిలబడి ఎండ కాచుకుంటున్నాయి. వాటి కిందనుంచి వచ్చిన ఎర్రవైరూ నల్లవైరూ పిట్టగోడ దాకా పాకి, గోనెపట్ట కిందికి దూరి, అవతలి పక్కనుంచి గోడ దిగిపోతున్నాయి. పట్ట చుట్టూ సిమెంటు తడిసి నల్లబడింది. పోయిన వారం ప్రభుత్వ పథకం కింద ఈ పలకలు బిగించిందీ, వైరు లాగిందీ షఫీనే. గోనెపట్ట మాత్రం అతను వేసింది కాదు. దాని కింద ఏముందో అతనికి బాగా తెలుసు. అక్కడే వైరుకు అతుకులు ఉన్నాయి. అవి అతను వేసినవే.

“ఈ గోనెపట్ట ఎవరేసినారు?” అని కిందికి కేకేశాడు.

“నేనే నాయనా,” అంటూ రాజమ్మ చంకలో బిందెతో నిచ్చెన ఎక్కుతోంది. “రోంత పక్కకు జరుగు. పొద్దన్నే తడిపింటి. అప్పుడే ఆరిపోయింటది.”

“పొయ్యొద్దు!”

షఫీ అరిచిన అరుపుకు ఆమె సగం నిచ్చెన మీద బిగుసుకుపోయింది. బిందెలో నీళ్లు తొణికి చీర తడిసింది. కింద గోడకు చిల్లులు వేస్తున్న తోటి పనివాడు ఆరిఫ్ మిషను ఆపి తల పైకెత్తాడు.

“ఏందయ్యా అట్ల అరుస్తావు, నేనేం తప్పు జేసినా?” అంది రాజమ్మ. “నువ్వు జెప్పిందే గదా జేస్తాండా.”

“నేనేం జెప్పినా పెద్దమ్మా?”

“ఎండ తగలనియ్యొద్దు, సల్లగ సూసుకో అంటివి. మర్చిపోతివా?”

మర్చిపోయాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. పోయిన వారం పని ముగించి దిగుతున్నప్పుడు రాజమ్మ ఆ వైరును వేళ్లతో నొక్కి చూసింది. పొద్దుటినుంచి ఎండలో పడి దాని పైతొడుగు మెత్తబడింది. ఇది ఎండకు ఓర్చుకుంటదా నాయనా అని అడిగింది. షఫీకి ఆకలిగా ఉంది. బండి కదలబోతోంది. ఓర్చుకోదని చెబితే ఆ తర్వాత చాలా చెప్పాలి. “ఎండ తగలకుండా సూసుకో పెద్దమ్మా, సల్లగుంటే నూరేండ్లుంటది,” అని నవ్వుతూ ఒక మాట పారేసి బండెక్కాడు. పట్నం మనుషులు రోజుకు పది ఇలాంటి మాటలు పారేస్తుంటారు. ఎవరూ ఏరుకోరన్న ధైర్యం. రాజమ్మ ఏరుకుంది.

ఆమెకు వస్తువును చల్లగా ఉంచే పద్ధతి ఒకటే తెలుసు. తాగే నీళ్ల కడవకు ఎండాకాలం గోనెపట్ట చుట్టి తడుపుతుంది. వైరుకూ అదే చేసింది. కడవ చల్లబడినప్పుడు వైరు ఎందుకు చల్లబడదు? పొద్దున, మధ్యాహ్నం, పొద్దు వాలినాక, అరవై ఏళ్ల మనిషి బిందె చంకనబెట్టుకుని ఆ నిచ్చెన ఎక్కింది. పెద్దముడియం మండలంలో ఉన్న ఆ కాలనీకి కొళాయి నీళ్లు దినం మార్చి దినం వస్తాయి. వచ్చిన దాంట్లో వైరుకు పోయగా మిగిలిందే ఆమె, ఆమె ఎనుమూ తాగారు.

“పట్ట ముట్టుకున్నప్పుడు నీకేమీ అనిపించలేదా?” అని అడిగాడు షఫీ.

“చేతులు జుమ్మంటాండాయి నాయనా. ముసలితనం గదా. ఆర్‌ఎంపీ డాక్టరు దెగ్గరికి పోతే నరాల బలహీనత అన్న్యాడు. సూదేసి నూటయాభై తీసుకున్న్యాడు.”

షఫీ మిద్దె మీద అలాగే గొంతుక్కూచున్నాడు. కాళ్ల కింద సిమెంటు కాలుతున్నా లేవాలనిపించలేదు. ముసలితనమట. నాలుగు పలకలు కలిసి ఇచ్చే కరెంటు, తడి గోనెపట్టలోంచి ఆమె చేతుల్లోకి పాకుతుంటే, ఆమె డాక్టరుకు డబ్బిచ్చి సూది వేయించుకుంది. పట్ట కింద ఒకచోట ఎర్రతీగ మీద ఒక వేలు, నల్లతీగ మీద ఒక వేలు పడి ఉంటే ఈపాటికి ఆమె చిన్నకర్మ కూడా అయిపోయేది. షఫీకి సిగ్గేసింది. ఆ సిగ్గును ఏ మాటతో కప్పాలో తెలియలేదు.

“దిగు పెద్దమ్మా. నీళ్లు కింద పెట్టి దూరంగా కూచ్చో. నేను చెప్పేదాక పైకి రావద్దు.”

ఆమె దిగాక, అతను పలకల దగ్గరికి పోయి ప్లగ్గులు ఊడదీశాడు. అసలు, పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ పెట్టె తగిలించేదాకా ఆ ప్లగ్గులు కలపకూడదు. కానీ పోయిన వారమే అన్నీ కలిపినట్టు ఫోటో కావాలన్నాడు కాంట్రాక్టరు నాగేంద్ర. కలిపారు, ఫోటో తీశారు, వదిలేసి పోయారు. ఇప్పుడు ఒక కట్టెతో గోనెపట్ట పక్కకు తోశాడు. అతుకుల మీది టేపు ఊడి తోలులా వేలాడుతోంది. రాగి పచ్చగా చిలుం పట్టి రెండుచోట్ల బయటికి కనిపిస్తోంది. ఇంటివైరు తొడుగు అప్పుడే గీతలు గీతలుగా పగలడం మొదలుపెట్టింది.

పలకలకు వాడవలసిన వైరు ఇది కాదు. షఫీకి తెలుసు, ఆరిఫ్‌కు తెలుసు, నాగేంద్రకు ఇద్దరికంటే బాగా తెలుసు. ఏళ్ల తరబడి ఎండలో పడుండే వైరు కాబట్టి దానికి రెండు పొరల తొడుగు ఉండాలి. లోపలి రాగిపోగులకు తగరం పూత ఉండాలి. పెట్టె ఎంత దూరమో చూసి, దానికి తగినంత లావుది తీసుకోవాలి. పలకనుంచి పెట్టెదాకా మధ్యలో అతుకు లేకుండా ఒకటే పొడవు రావాలి. అలాంటి వైరు మీటరు అరవై రూపాయలు. గోడలోపల పైపులో దాక్కునే ఇంటివైరు ఇరవై ఐదుకే వస్తుంది.

నాగేంద్ర పనిలో ఒక ఆనవాయితీ ఉంది. మంచి వైరు కొత్త కాయిల్‌ను ఎప్పుడూ పెద్దింట్లోనే విప్పాలి. ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో సొంత డబ్బు పెట్టి పలకలు వేయించుకునే వాళ్ల మిద్దె మీద, వాళ్ల కళ్లముందు సీలు తెంపాలి. అక్కడ మిగిలిన కొసల్ని పనివాళ్లు తోకలంటారు. ఆ తోకలు కాలనీ ఇళ్లకు వస్తాయి. తోక పొట్టిదైతే మరో తోకను అతికిస్తారు, అదీ చాలకపోతే ఇంటివైరు. రాజమ్మ ఇంటికి తోక ఒకటి, ఇంటివైరు రెండు ముక్కలు వచ్చాయి. ఇది మోసమని పనివాళ్లలో ఎవరూ అనుకోలేదు. పెళ్లిలో మొదటి బంతిలో ఎవరు కూచుంటారో ఎవరైనా అడుగుతారా? షఫీ కూడా అడగలేదు. కువైట్‌లో ఏసీ బంగళాల వైరింగు చేసి ప్రొద్దుటూరుకు తిరిగొచ్చినవాడు, రోజుకు తొమ్మిదివందల కూలికి అతుకులు వేస్తూ, చేతికి అలవాటైన పనిగా చేసుకుపోయాడు.

అతను కిందికి దిగేసరికి నాగేంద్ర బొలేరో కాలనీలోకి వచ్చింది. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీల వెనక ఇరుక్కుని వచ్చిన కోపం మొహంలో ఇంకా ఉంది.

“ఏం మామా, ఇంగా పెట్టె తగిలించలేదా? పులివెందుల పెద్దాయన పొద్దన్నించి ఫోన్ చేస్తానే ఉండాడు. ఈడ ఫోటో కొట్టుకుని పోదాంపా.”

“వైరు మార్చాల అప్పా.”

“ఏ వైరు?”

“ఈ ఇంటి వైరు. అతుకుల మీంద పెద్దమ్మ నీళ్లు పోస్తా వచ్చింది. చేతులకు కరెంటు కొట్టింది.”

షఫీ పట్టుకొచ్చిన టేపు ముక్కను నాగేంద్ర తీసుకుని చూశాడు. పాలిటెక్నిక్ చదివినవాడు, వివరించి చెప్పవలసిన పని లేదు. ఒక్క క్షణం అతని మొహం నిజంగానే వాడిపోయింది. అతను చెడ్డవాడేమీ కాదు. పనివాళ్లకు రంజాన్‌కు బట్టలు పెడతాడు, ఆరిఫ్ భార్య షబీనా కాన్పుకు ఆస్పత్రిలో చేరితే కారు పంపాడు. కానీ వాడిపోయిన మొహాన్ని అతను ఎక్కువసేపు అలా ఉండనివ్వలేదు.

“ఏం గాలేదు గదా? దేవుని దయ. ఇంగ నీళ్లు పొయ్యొద్దని చెప్పు. టేపు నాలుగు చుట్లు ఎక్కువెయ్యి. వానలకు ముందర వచ్చి మారుద్దాం.”

“వానల దాంక ఉండదప్పా. పెట్టె తగిలిస్తే ఈ సన్న వైరు లోడుకు కాగుతాది. అతుకు కాడ నిప్పు రాలుతాది. గోడపక్కన ఏముండాదో సూడు.”

గోడపక్కన పప్పుశనగ పొట్టు వామి ఉంది. పెద్దరైతు కళ్లంలో పనిచేసి, కూలిలో కొంత వదులుకుని, ఎనుముకు ఎండాకాలం మేతగా రాజమ్మ తెచ్చుకున్నది. చేత్తో నలిపితే పొడి అవుతుంది. వైరు దాని పక్కనుంచే దిగుతోంది. వామికి అవతల ఎనుము, ఎనుముకు అవతల ఇంటి తలుపు.

రాజమ్మ వామివంకా వైరువంకా మార్చి మార్చి చూసింది. “నిప్పంటుకుంటే స్విచ్చి ఆపుకోవచ్చు గదా నాయనా?”

“ఇంటి కరెంటు అయితే ఆపుకోవచ్చు పెద్దమ్మా. దీనికి ఆపేది లేదు. పలకలకు ఎండ తగిలినంత సేపూ ఈ వైరులో కరెంటు ఉంటాది. నిప్పు పట్టిందంటే వదలదు. ఎండను ఎవరు ఆపుతారు?”

“నువ్వు ముసలామెను ఎందుకు బెదిరిస్తావు మామా?” అని నాగేంద్ర విసుక్కున్నాడు. షఫీ భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయి, గొంతు తగ్గించాడు. “నాకు తెలీదనుకుంటివా? ఈ వైరు పనికిరాదని నాకూ తెలుసు. పలకకు నెంబరుండాది, పెట్టెకు నెంబరుండాది. రెండూ ఆఫీసుకు పంపే ఫోటోలో పడాల. వైరుకు నెంబరు లేదు, ఎవడూ సూడడు. పెద్ద కాంట్రాక్టరు తన వాటా తీసుకున్నాకనే నాకు ఈ ఇండ్ల పని ఇస్తాండాడు. పైన చేతులు తడపాల్సిన వాళ్లు ఉండనే ఉండారు. ఇంగ నాకు మిగిలేది యాడ మామా? ఈ వైరులోనే.”

ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషితో కొట్లాడటం కష్టం. షఫీ బండివైపు తిరిగాడు. బొలేరో వెనక తలుపు తెరిచి ఉంది. లోపల టార్పాలిన్ కింద కొత్త కాయిల్ బండి చక్రమంత లావున, ప్లాస్టిక్ సీలు తియ్యకుండా మెరుస్తోంది.

“ఆ కాయిల్‌లో ఈ ఇంటికి కావాల్సింది రోంతే అప్పా.”

“అది పులివెందులది.”

“ఆడ కోసినాక ఎట్లాగూ మిగుల్తాది. ఈడనే ముందర కోసుకుంటే ఏం?”

“సీలు తియ్యని కాయిల్ సూపిస్తానని పెద్దాయనకు మాటిచ్చినా. ఈడ నరికి, తోక తీస్కపోయి ఆయప్పకు సూపియ్యాల్నా?” అప్పటికి నాగేంద్ర గొంతు పెరిగింది. ఆ మాట రాజమ్మ చెవిన పడింది.

“తోకంటే ఏంది సామీ?” అని అడిగింది ఆమె.

నాగేంద్ర ఫోన్ చూసుకున్నాడు. ఆరిఫ్ మిషను తీగ చుట్టడం మొదలుపెట్టాడు. చివరికి షఫీనే చెప్పాడు. దాచి చెప్పలేదు, మెత్తగానూ చెప్పలేదు. కొత్త కాయిల్ ఎవరింట్లో విప్పుతారో, మిగిలిన ముక్కలు ఎవరింటికి వస్తాయో, ఆ ముక్కలు చాలకపోతే ఏం అతికిస్తారో, ఆ అతుకు వేసింది ఎవరో చెప్పాడు.

“నేనే ఏసినా పెద్దమ్మా. ఎండకు ఓర్చుకోదని తెలిసే, సల్లగ సూసుకోమని చెప్పి పోయినా.”

రాజమ్మ తన అరచేతులు తిప్పి చూసుకుంది. మిరపకాయలు కోసి కోసి కాయలు కాచిన చేతులవి. “అయితే ఇది నరాల బలహీనత గాదా?” అంది.

“ఏమ్మే రాజమ్మా,” అన్నాడు నాగేంద్ర. ఇప్పటిదాకా పట్టుకున్న ఓపిక జారిపోయింది. “లక్షకు పైబడిన సామాను నీ ఇంటి మీంద పెట్టినాము. నువ్వు ఒక్క రూపాయి కట్టినావా? ఊరికే వచ్చేదాన్ని ఇంత సోది చేస్తే ఎట్ల? పలకల ముందర నిలబడు, ఫోటో తీసుకుని మా దావన మేం పోతాము. మామా, నువ్వు పైకెక్కి ప్లగ్గులు కలుపు, పెట్టె ఆరిఫ్ తగిలిస్తాడు.”

షఫీ కదల్లేదు.

అతనికి భయం వేసింది. ఆ మాట దాచడం ఎందుకు? కూతురు సనా ఇంటర్ ఫీజు కట్టాల్సిన నెల అది. ప్రొద్దుటూరులో సోలార్ పని చేయించేవాళ్లు నలుగురున్నారు, నలుగురూ సాయంత్రం ఒకేచోట టీ తాగుతారు. ఒకడు వద్దన్నాడంటే మిగిలిన ముగ్గురూ వద్దన్నట్టే. మళ్లీ కువైట్‌కు పోయే వయసు దాటింది. ఇవన్నీ అతని కళ్లముందు తిరిగాయి. వాటితోపాటే, చంకలో బిందె పెట్టుకుని నిచ్చెన ఎక్కే మనిషి కూడా.

“నేను కలపనప్పా,” అన్నాడు.

“ఏమన్నావు?”

“కలపను. ఆ వైరుకు నేను పెట్టె తగిలించను. మంచి వైరు ఇస్తే ఇప్పుడే తగిలిస్తా, కూలి కూడా వద్దు.”

“కూలి వద్దా? సరే. రేపట్నించి పనికీ వద్దు.” నాగేంద్ర మొహం ఎర్రబడింది. “ఆరిఫ్, నువ్వెక్కు. ప్లగ్గులు కలిపి, దిగి పెట్టె తగిలించు. పులివెందుల పని కూడా నీదే. కూలి ఆరునూర్లు గాదు, మామకిచ్చే తొమ్మిదినూర్లే నీకిస్తా.”

ఆరిఫ్ షఫీవంక చూడలేదు. పసిబిడ్డ తండ్రి, కాన్పుకు పంపిన కారు ఇంకా అతని మెడమీద ఉంది. కటింగ్ ప్లయర్ జేబులో దోపుకుని, నిచ్చెన దగ్గరికి పోయి, మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

అప్పటికి రాజమ్మ అక్కడ లేదు. ఎక్కడికి పోయిందా అని చూస్తే బొలేరో వెనక ఉంది. తలుపు అంచు పట్టుకుని, ఒక మోకాలు పైన పెట్టి, ఆయాసపడుతూ లోపలికి ఎక్కింది. టార్పాలిన్ పక్కకు లాగింది. చీర కుచ్చెళ్లు సర్దుకుని, సీలు తియ్యని కాయిల్ మీద, పీట మీద కూచున్నట్టు కూచుంది.

“ఏయ్! ఏమ్మే, దిగు!” నాగేంద్ర పరుగెత్తాడు. “దాని మీంద కూచ్చుంటావా? అది ఎవరింటికి పోయే వస్తువో తెలుసా నీకు?”

“తెలుసు. ఇప్పుడే జెప్తిరి గదా.”

“దిగమంటే దిగు! ఆడ పెద్దాయన ఎదురు సూస్తాండాడు.”

“సూడనియ్యి.”

ఆ అరుపులకు ఇరుగుపొరుగు ఆడవాళ్లు బయటికి వచ్చారు. వాళ్ల మిద్దెల మీదా పలకలున్నాయి. ఒకామె ఏం జరిగిందని షఫీని అడిగింది. అతను చెప్పాడు. ఆమె తల ఎత్తి తన మిద్దె మీదికి చూసింది. పక్కామె కూడా చూసింది. నాగేంద్రకు అది నచ్చలేదు. చెయ్యి పట్టి రాజమ్మను లాగేద్దామన్నట్టు ముందుకొచ్చి, అందరూ చూస్తున్నారని ఆగిపోయాడు. బతిమాలే గొంతు తెచ్చుకున్నాడు.

“రాజమ్మా, నా మాట ఇను. వానలకు ముందర నేనే వచ్చి మంచి వైరు ఏపిస్తా. నామీంద నమ్మకం లేదా?”

రాజమ్మ అతన్ని నిదానంగా చూసింది. ఇందాక సామీ అన్న మనిషి ఈసారి ఆ మాట అనలేదు.

“నేనొగటి జెప్తా ఇనప్పా. ఈ వైరు మా ఇంటికి ఇడ్సిపెట్టు. మా మిద్దె మీంద ఉండే తోకలు తీస్కపోయి ఆ పెద్దాయన మిద్దె మీంద ఎయ్యి. సల్లగుంటే నూరేండ్లు ఉంటాయంట గదా. నేనే బస్సెక్కి పులివెందులకు వచ్చి, పొద్దుకు మూడుమార్లు నీళ్లు పోస్తా. ఒక్క రూపాయి అడగను. ఊరికే పోస్తా.”

నాగేంద్ర వెనక్కు తిరిగి ఆరిఫ్‌వైపు చూశాడు. ఆరిఫ్ ఒక కాలు నిచ్చెన మీద, ఒక కాలు నేల మీద పెట్టుకుని ఉన్నాడు. పైకి ఎక్కడం లేదు, కాలు కిందికీ దించడం లేదు.